బావ బుర్ర గోక్కునే చోటు

ఈసారి నాటకంలో లైట్లు వాటంతటవే వెలుగుతాయని బామ్మర్ది ఊదరగొట్టాడు. రికార్డు చేసిన సంగీతానికి ఒక్కో లైటునూ ముడిపెట్టి, బటన్ నొక్కి చేతులు కట్టుకు కూర్చున్నాడు.

రాజు వేషం అతని అక్క మొగుడిది. రిహార్సల్లో ఎప్పుడూ ఆ రికార్డులో డప్పు ఆగగానే డైలాగు మరిచిపోయి, కాసేపు బుర్ర గోక్కుని గానీ "నేనే వెలుగు" అనేవాడు కాదు. ఆ గోకుడుకు సరిపడా ఆగి లైటు వెలిగేలా పెట్టాడు బామ్మర్ది.

ప్రదర్శనలో డప్పు ఆగింది. బావ తడుముకోకుండా "నేనే వెలుగు" అని గర్జించాడు, కటిక చీకట్లో. హాలంతా గొల్లున నవ్వింది. తర్వాత లైటు తీరిగ్గా వచ్చి, గుడ్లురుముతున్న రాజు మీద పడింది.

తెర పడగానే బావ మీదికొచ్చాడు. "జన్మకి ఒక్కసారి గుర్తొస్తే చీకట్లో నిలబెడతావట్రా?"

"నీ మతిమరుపునే నమ్ముకున్నాను బావా. రేపైనా సరిగ్గా మర్చిపో."