బొంబాయికి చేరిన దాసరి పురుగు

ఎనభై ఆరులో బొల్లాపల్లి మహాలక్ష్మమ్మ చేలో ఆముదం విరగకాసింది. ఆరెకరాలూ గెలల బరువుకి వంగిపోయాయి. దిష్టి తగులుతుందని ఆ మాట భర్త పుల్లయ్యతో కూడా గట్టిగా అనేది కాదు.

కార్తీకంలో పనుండి నరసరావుపేట వచ్చి, ఏటా తమ ఆముదాలు కొనే సుబ్బారావు కొట్టు ముందు ఆగింది.

"ఏందక్కా, చేనెట్టుంది?" అన్నాడు సుబ్బారావు.

"ఏం చేను తమ్ముడా! దాసరి పురుగు ఆకు మిగలనియ్యలా. ఇత్తనాలకైనా గింజొస్తే చానా గొప్ప."

సుబ్బారావు ఈపూరు వాళ్ళని అడిగాడు, వినుకొండ వాళ్ళని అడిగాడు. అందరి చేలూ పురుగు తిన్నవే. పంట బాగుందని నోరు తెరిచి చెప్పే రైతు పల్నాట ఇంకా పుట్టలేదు.

ఆయన బొంబాయికి ట్రంకాల్ చేశాడు. అక్కడ ఆముదాలకి వాయిదా బజారు ఉంది. చేలోనే ఉన్న గింజకి, ఫలానా నెలలో ఇచ్చేట్టుగా, ఇవాళే ధర కట్టి కొంటారు, అమ్ముతారు. గింజ మొహం ఎవరూ చూడరు. పల్నాట పంట పోయిందని దలాలుకి చెప్పి, తన పేరున కూడా కొనమన్నాడు. మిగతా వ్యాపారులూ అదే కబురు పంపారు. వారం తిరక్కుండా బొంబాయిలో ధర లేచింది.

ఆ సంగతి బొల్లాపల్లికి బస్సులో వచ్చింది.

"చూశావా? దేశమంతా పంట పోయినట్టుంది, మనదొక్కటే నిలబడింది," అంది మహాలక్ష్మమ్మ. "ఇంకా పెరుగుద్ది."

"చేతికొచ్చింది అమ్ముకుందామే," అన్నాడు పుల్లయ్య.

"బొంబాయోళ్ళకన్నా నీకెక్కువ తెలుసా?"

ముప్ఫై బస్తాలు ఇంట్లోకి చేరాయి. పుల్లయ్య మంచం వాకిట్లోకి పోయింది.

ప్రతి ఊళ్ళో ప్రతి రైతూ అలాగే అనుకున్నాడు. మాఘం వెళ్ళేసరికి ఓపిక చాలక అందరూ ఒకేసారి బళ్ళు కట్టారు. నరసరావుపేటలో బస్తాలు దించడానికి చోటు లేదు. ఆ కబురూ బొంబాయి వెళ్ళింది. నాలుగు రోజుల్లో ధర మొదటికన్నా కిందికి పడింది.

సుబ్బారావు తన కొట్టు ముందు ఆగిన మహాలక్ష్మమ్మ బండి వైపు చూశాడు.

"పురుగు తిన్న చేలో ముప్ఫై బస్తాలు ఎట్టా వచ్చినయ్యక్కా?"

"బాగుందంటే దిష్టి తగలదా? నీతో అన్నా గానీ బొంబాయికి చెప్పానా?"

"నేను చెప్పా."

మహాలక్ష్మమ్మకి అర్థం కావడానికి కాసేపు పట్టింది. తను ఇన్నాళ్ళూ నమ్ముకున్నది తన అబద్ధాన్నే. కోపం ఎవరిమీద తెచ్చుకోవాలో తెలియలేదు.

"మరి ఆ రేటున కొన్నదెవరు?"

"నేనే," అన్నాడు సుబ్బారావు, మొహం పక్కకి తిప్పుకుని. "మీ అందరి మాటా నమ్మి."

రేటు గురించి పోట్లాడదామని వచ్చిన మనిషి అరుగుమీద కూర్చుండిపోయింది. సుబ్బారావు రెండు టీలు తెప్పించాడు.

తర్వాత బస్తాలు కాటా ఎక్కాయి. బస్తాకి కిలో చొప్పున ఏటా తీసే తరుగు ఆయన ఆ రోజు తియ్యలేదు. ఆవిడా గుర్తు చెయ్యలేదు.