రెండో చరణంలో తుమ్ము

అటక మీది పాత సామాను దింపుతుంటే రుచితకు గోనెసంచిలో చుట్టిపెట్టిన పది గ్రామఫోన్ రికార్డులు దొరికాయి. తాండూరులో కందిపప్పు వ్యాపారం చేసిన తాతగారివి. ఆమె ఒక ప్లేయర్ తెప్పించి ఒక్కొక్కటే వేసి విన్నది. తొమ్మిదీ అందరికీ తెలిసినవే. పదోది చిన్న రికార్డు. దాని మీద మూడు పేర్లున్నాయి: గానం ఇంద్రమ్మ, క్లారినెట్ పరశురాం, తబలా భీమయ్య.

అప్పగింతల పాట అది. ఆ గొంతు వింటూ రుచిత చేతిలోని చాయ్ సంగతే మరిచిపోయింది. సరిగ్గా రెండో చరణంలో ఎవరో గట్టిగా తుమ్మారు. పాట మాత్రం ఆగలేదు.

"అమ్మా, గీ తుమ్మిందెవలే?"

వంటింట్లో తల్లి పద్మమ్మ పకపకా నవ్వింది. "గా తుమ్ము మీదనే ఇంద్రమ్మకు, పరశురాంకు యాభై ఏండ్ల సంది మాటల్లేవు బిడ్డా. ఆయన మన రైలు గేటు కాడనే ఉంటడు, పోయి అడుగు."

పరశురాంకు డెబ్బై ఎనిమిదేళ్లు. ప్రశ్న పూర్తికాకముందే మీసం దువ్వుకున్నాడు. "ఇంకెవలు? ఇంద్రమ్మనే! పాటుంది, ఐస్‌క్రీం తినకు అంటే ఇన్నదా? హైదరాబాద్‌ల రైలు దిగంగనే తిన్నది. కంపెనీవాళ్లు టైం లేదని తుమ్ముతోటే అచ్చేసిన్రు. మల్ల మమ్మల్ని పిలిస్తే ఒట్టు!"

వికారాబాద్‌లో ఉన్న ఇంద్రమ్మకు రుచిత ఫోన్ చేసింది. "గట్లన్నడా? నస్యం పీల్చేది ఆయననా, నేనా?" అన్నదామె.

"మీరు రికార్డు మంచిగ ఇన్నరా అవ్వా?"

"యాడ? ఒక షావుకారింట్ల ఒక్కసారి పెట్టిన్రు. తుమ్ము రాంగనే లొల్లి మొదలైంది. మల్ల దాని మొఖం చూడలే."

మర్నాడు పొద్దున రుచిత ప్లేయర్‌ను ఒళ్లో పెట్టుకుని, పరశురాంను పక్కన కూర్చోబెట్టుకుని వికారాబాద్ రైలెక్కింది. "తప్పు నాది గాదని తేలాలె" అన్న ఒక్క మాట మీద వచ్చాడాయన.

ఇంద్రమ్మ వాకిట్లో ఇద్దరూ చెరో దిక్కు తిరిగి కూర్చున్నారు. "ఆయనకు చాయ్ల చక్కెర ఎయ్యాల్నా అడుగు బిడ్డా" అన్నదామె. "వద్దని చెప్పు" అన్నాడాయన, రెండడుగుల దూరం నుంచి.

రికార్డు తిరిగింది. రెండో చరణంలో ఇంద్రమ్మ గొంతు రాగం తీస్తున్నది. దాని వెంటే క్లారినెట్ సాగుతున్నది. ఆ రెంటి మీదా పడింది తుమ్ము. గొంతు తెగలేదు, క్లారినెట్ ఆగలేదు. తబలా మాత్రం ఒక్క దెబ్బ తప్పింది.

"మల్ల పెట్టు" అన్నాడు పరశురాం. మూడుసార్లు పెట్టించాడు. మూడుసార్లూ తబలానే తప్పింది.

భీమయ్య పోయి రెండేళ్లయింది. బతికినన్నాళ్లూ ఈ ఇంటి కబురు ఆ ఇంటికి, ఆ ఇంటిది ఈ ఇంటికి మోసినవాడు ఆయనే. రెండిళ్లలోనూ కడుపునిండా తిని, ఇద్దరితోనూ "నీదే న్యాయం" అనేవాడు.

"యాభై ఏండ్లు నా ఇంట్ల సకినాలు తిన్నడే!" అన్నది ఇంద్రమ్మ.

"నా బిడ్డ పెండ్లిల పెద్దమనిషి తీరు కూసున్నడు" అంటూ పరశురాం నవ్వు మొదలుపెట్టాడు. నవ్వీ నవ్వీ కళ్లు తుడుచుకున్నాడు. ఇంద్రమ్మ నవ్వలేదు. "ఆస్పత్రిల నా చెయ్యి పట్టుకొని ఏదో చెప్పవోయిండు. దగ్గు అడ్డమొచ్చింది" అన్నది మెల్లగా.

పరశురాం తన సంచి విప్పాడు. లోపల క్లారినెట్ ఉంది. ఎందుకు తెచ్చాడని రుచిత అడగలేదు. ఆయన ఊదాడు. ఇంద్రమ్మ ఆ పాట ఎత్తుకుంది, గొంతు అందలేదు.

"జర కింది శ్రుతిల వాయించరాదే, పరశురామన్నా" అన్నది, నేరుగా ఆయన మొహంలోకి చూస్తూ.

ఆయన శ్రుతి దించాడు. పక్కింటివాళ్లు ఒక్కరొక్కరే వాకిట్లో చేరారు. తాండూరు పోయే రైళ్లు రెండు వెళ్లిపోయాయి. పరశురాం లేవలేదు.