సుద్దతో గీసిన సరిహద్దు

వంతెన మధ్యకి వచ్చేసరికి అక్కడ ఉండాల్సిన తెల్లగీత లేదు.

చక్రాల కుర్చీ తోస్తున్న అక్క ఉన్నచోటే ఆగిపోయింది.

"ఏమైందక్కా?" అన్నాడు కుర్చీలో ఉన్న తమ్ముడు.

"గీతని మింగేశారురా."

నిన్న వేసిన తారు నల్లగా నిగనిగలాడుతోంది. కొంచెం ముందు అడ్డంగా తాడు కట్టి ఉంది. తాడు అవతల తారు ఇంకా పొగలు కక్కుతోంది. కాపలా ఉన్న పెద్దాయన స్టూలు మీంచి లేవకుండానే చెయ్యి అడ్డం పెట్టాడు.

"తాడు దాటడానికి లేదమ్మా. చెప్పులు అంటుకుపోతాయి."

"రాష్ట్రం మారే గీత ఎక్కడుందో గుర్తుందా బాబాయ్?"

"ఇక్కడే ఎక్కడో. బోర్డు కూడా రంగు వెయ్యడానికి పట్టుకెళ్ళారు. అయినా గీతతో నీకేం పనమ్మా?"

పని ఉంది. తమ్ముడి తలకి ఆపరేషన్ చేసిన డాక్టరమ్మ అవతలి రాష్ట్రంలో ఉంటుంది. రెండు నెలలకోసారి ఫోనులో అతన్ని చూసి, మూర్ఛ రాకుండా ఆపే మాత్రలకి చీటీ రాస్తుంది. ఆ చీటీ ఇవతల మందుల దుకాణంలో చక్కగా చెల్లుతుంది. చిక్కల్లా ఒక్కటే. ఆమె చూసే వేళకి రోగి ఆమె రాష్ట్రపు నేల మీద ఉండాలని రూలు. అందుకే వాళ్ళు ప్రతిసారీ వంతెన దాటి వెళ్ళి, ఆ ఒడ్డున ఏదో ఒక అరుగు పక్కన కుర్చీ ఆపి, ఫోను ఎత్తి పట్టుకునేవాళ్ళు. ఇప్పుడు వంతెన రిపేరు. ఇంకో వంతెన మీదుగా చుట్టు తిరిగి వెళ్ళాలంటే నాలుగు గంటలు. అంతసేపు బండిలో కూర్చోవడం తమ్ముడి వల్ల కాదు. మాత్రలు చూస్తే రెండు రోజులకే ఉన్నాయి. పది గంటలకి ఫోను వస్తుంది. ఇంకా ఏడు నిమిషాలు.

"ఇక్కడే ఉండి, అవతల ఉన్నామని చెప్పెయ్. వచ్చి చూస్తుందా ఏంటి?" అన్నాడు తమ్ముడు.

అక్కకి నాన్న గుర్తొచ్చారు. పోయినేడు నాన్నకి ఆయాసం ఎక్కువైనప్పుడు ఆయన్ని మంచం మీంచి కదిలించే వీలు లేకపోయింది. ఆయన్ని చూసే డాక్టరుదీ అవతలి ఒడ్డే. ఎక్కడున్నారని డాక్టరు అడిగితే నాన్న దాచలేదు. "ఇంట్లోనే ఉన్నానండీ" అన్నారు. ఆ డాక్టరు, రూలు ఒప్పుకోదు క్షమించమని ఫోను పెట్టేశారు. ఆ తర్వాత నాన్న మూడు రోజులే ఉన్నారు.

ఆమె మెడలోంచి టేపు తీసింది. బట్టలు కుట్టే మనిషి, టేపు లేకుండా గడప దాటదు. ఇంతకుముందు వచ్చినప్పుడల్లా, ఫోను రాకముందు ఊసుపోక వంతెన మీద కనబడ్డవన్నీ కొలిచేది. మూడో దీపస్తంభం నుంచి గీతకి రెండు టేపులు, ఆపైన పద్నాలుగు అంగుళాలు. ఆ లెక్క ఆమెకి కంఠతా వచ్చు.

"కొలతలు తీసుకుంటోంది బాబాయ్, రేపటికి చొక్కా కుడుతుంది వంతెనకి," అన్నాడు తమ్ముడు కాపలా పెద్దాయనతో. ఆయన నవ్వి, వచ్చి టేపు రెండో కొస పట్టుకున్నాడు.

కొలత తాడుకి రెండు మూరల ఇవతల తేలింది. ఆమె సంచీలోంచి గుడ్డ మీద గుర్తు పెట్టే సుద్ద తీసి, మోకాళ్ళ మీద కూర్చుని, తారు మీద ఈ కొస నుంచి ఆ కొసకి గీత లాగింది. కుర్చీని దాని మీదుగా తోసి, తాడుకి ఆనించి నిలబెట్టింది. ఇరుకిరుకుగా సరిపోయింది.

ఫోను మోగింది.

"ఎక్కడున్నారమ్మా?" అడిగింది డాక్టరమ్మ.

"మీ రాష్ట్రంలోనే డాక్టరుగారూ. రెండు మూరలు లోపలికి వచ్చాం." అని, ఫోను కిందికి వంచి సుద్దగీత చూపించింది.

డాక్టరమ్మ ఆ గీతని కొంచెంసేపు చూసింది. తర్వాత తమ్ముడి చేతులు చాపించింది, వేళ్ళు లెక్కపెట్టించింది, నిద్ర సంగతి అడిగింది. చీటీ పంపేసింది. అది ఫోనులోకి వచ్చి పడ్డాక గానీ అక్క గుండె కుదుటపడలేదు.

"ఇంకో మాట," అంది డాక్టరమ్మ. "నిన్న సాయంత్రం ఆర్డరు వచ్చింది. ఒకసారి నేరుగా చూసిన రోగిని, ఇకమీదట ఏ ఒడ్డున ఉన్నా ఫోనులో చూడొచ్చు. పొద్దున్న మీకు చెబుదామని మావాళ్ళు ఫోను చేశారట, మీరు ఎత్తలేదట."

"కుర్చీ తోస్తున్నానండీ."

"రూలు మార్చే కమిటీకి రోగుల్ని రాయమన్నాం కదా. మీ ఉత్తరం అక్కడ చదివి వినిపించారు. గీత వెడల్పు నాలుగు అంగుళాలు, మా నాన్న దాన్ని దాటలేకపోయారు, అని రాశారు. రూలు మార్చడానికి వాళ్ళు ఒప్పుకున్నది ఆ తర్వాతే."

అక్క తలూపింది. ఫోను పెట్టేశాక, వంతెన కమ్మీ పట్టుకుని, చాలా రోజుల తర్వాత గుండెల నిండా గాలి పీల్చుకుంది.

"అంటే వచ్చేసారి ఇంట్లోంచేనా?" అన్నాడు తమ్ముడు.

"నాన్న మంచం మీద కూర్చుని మాట్లాడుదువు గాని."

ఆమె కుర్చీ వెనక్కి తిప్పింది. చక్రాలు సుద్దగీతని తొక్కుకుంటూ ఇంటివైపు కదిలాయి.

"మళ్ళీ గీయాలామ్మా?" వెనకనుంచి అడిగాడు కాపలా పెద్దాయన.

"అక్కర్లేదు బాబాయ్," అంది, టేపు చుట్టుకుంటూ.