ఇంటికి రెండు మాత్రలు

2001 అక్టోబరు. ముంచింగిపుట్టు దాటాక కొండ వారనున్న మిషన్ డిస్పెన్సరీలో రత్నాలు జ్వరానికి అది తొమ్మిదో రోజు. పాదరసం నూటమూడు దగ్గర మొండికేసింది.

నర్సు లూర్దమ్మ థర్మామీటర్ విదిలించి సంత వైపు చూసింది. దొంగెవడో ఆమెకు తెలిసిపోయింది. మిషన్‌లో స్టాకు లేక, టైఫాయిడ్‌కి వాడే సిప్రో మాత్రలు ఈసారి సంతలో మందులమ్మే ధనరాజు దగ్గర కొంది. వారం రోజులు దగ్గరుండి మింగించింది. అయినా జ్వరం దిగలేదంటే అవి సుద్దముక్కలే!

నేరుగా అతని రేకుపెట్టె ముందుకెళ్ళి నిలబడింది.

"అదే మాత్రలు ఇంకో స్ట్రిప్ ఇవ్వు."

ధనరాజు చెయ్యి పెట్టె మూత మీదే ఆగింది. "దేనికి సిస్టరమ్మా? పోలీసోళ్ళకా?"

"తప్పు చెయ్యనివాడికి పోలీసులెందుకు గుర్తొస్తారయ్యా?"

"మాత్రలు పన్జెయ్యనేదని పాచిపెంట సంతలో తన్నబోయినారమ్మా. ఒడిశా వైపోళ్ళూ అదే మాట. నా పెళ్ళానికీ ఇయ్యే ఏసినాను, తగ్గనేదు. ఏటి సెయ్యమంటావు?"

దొంగేడుపు అనుకుంది లూర్దమ్మ. రత్నాలు రక్తం సీసాలో తీసి, అతనిచ్చిన స్ట్రిప్ కవర్లో పెట్టి సీలు వేసి, ఫాదర్ జీపులో విశాఖ ల్యాబ్‌కి పంపింది.

అయిదు రోజులు గడిచాయి. రత్నాలు మనిషిని గుర్తుపట్టడం మానేసింది. భర్త సోంబరు మంచం కోడు పట్టుకుని కూర్చున్నాడు.

జీపు తిరిగొచ్చింది. కాగితం రెండుసార్లు చదివింది లూర్దమ్మ. ధనరాజు మాత్ర మామూలు క్రిమిని చంపింది. రత్నాలు రక్తంలోని క్రిమిని మాత్రం ఏమీ చెయ్యలేకపోయింది. ఎనిమిది మందులు పరీక్షిస్తే ఏడింటికి లొంగలేదు. లొంగింది ఒక్క ఇంజెక్షన్‌కే. రోజుకొకటి చొప్పున పది పంపారు.

మాత్రలు మంచివే! మరి ఈ క్రిమి ఇంత ముదురెలా అయింది?

మొదటి ఇంజెక్షన్ పొడిచి సోంబరు వైపు తిరిగింది. "పోయినేడు రత్నాలుకి జ్వరమొస్తే ఇవే మాత్రలు ఇరవై ఇచ్చాను. అన్నీ మింగిందా?"

"ఖాళీ స్ట్రిప్పులు తెచ్చి సూపించినాను గదమ్మా. శభాష్ అన్నావు."

"మింగిందా అని అడుగుతున్నాను."

సోంబరు ముఖం వెలిగింది. "ఒక్కలమే ఎలా మింగుతామమ్మా? పది ఇళ్ళల్లో జ్వరాలు. వేట మాంసం పంచినట్టే అడ్డాకుల మీద పెట్టి పంచినాం. ఇంటికి రెండు. ఎవులికీ తక్కువ కానేదు."

లూర్దమ్మ స్టూలు మీద కూలబడింది. రెండు మాత్రలకు బలహీనమైన క్రిములు చచ్చాయి. గట్టివి బతికి, పిల్లల్ని పెట్టి, జనం వెంట సంతలకు నడిచాయి. పాచిపెంటలో ఎవరు పంచుకున్నారో, ఒడిశాలో ఎవరు మధ్యలో మానేశారో! ఆ ఖాళీ స్ట్రిప్పులు చూసి మెచ్చుకున్నది తనే.

అయిదో ఇంజెక్షన్‌కి జ్వరం దిగింది. రత్నాలు అంబలి అడిగింది. సోంబరు నవ్వాడు. కానీ పక్క చాప మీద అప్పటికే అతని వదిన అసిరమ్మ మూలుగుతోంది. అదే జ్వరం. ఆమెకు మందు కోసం జీపు ఆ పొద్దున్నే విశాఖ వెళ్ళింది. మందు అక్కడ దొరికితే రావడానికి రెండు రోజులు, లేకపోతే ఎన్నాళ్ళో.

"దీనికి తగ్గిపోనాది గదా. ఉన్న అయిదూ మా వదినకి పొడిసెయ్యి. బేగి!"

"కుదరదు. ఇప్పుడాపితే మళ్ళీ తిరగబెడుతుంది. ఈసారి ఈ మందుకీ లొంగదు. ఆవిడకీ అయిదు చాలవు, ఇద్దరూ పోతారు."

"నానూరుకుంటాను. ఆవిడికే ఇయ్యమ్మా," అంది రత్నాలు.

లూర్దమ్మ మందుల పెట్టెకు తాళం వేసి, చెవి బొడ్డున దోపుకుంది. సోంబరు ఆ చెవి వంకే చూశాడు, ఆ రోజు లూర్దమ్మ ధనరాజు రేకుపెట్టెను చూసినట్టే.

"అమ్ముకుంటావేటి, సిస్టరమ్మా?"

మర్నాడు వేళకి లూర్దమ్మ ఆరో ఇంజెక్షన్ సిరంజిలోకి తీసి రత్నాలు మంచం దగ్గరకొచ్చింది. అసిరమ్మ కళ్ళు విప్పింది.

"మా ఇంటి వాటా ఏదమ్మా?"

లూర్దమ్మ ఒకసారి ఆమె వైపు చూసింది. అయినా రత్నాలుకే పొడిచింది. తరువాత అసిరమ్మ నుదుటి మీద తడిబట్ట మార్చి, జీపు చప్పుడు కోసం ఘాటు రోడ్డు వైపు చెవులు రిక్కించి కూర్చుంది.