చల్లారని ఇంజను

రోజూ ఉదయం పదింటికి జాయిస్ టీ కెటిల్ తెచ్చి గ్యారేజీలో ఇంజను మీద పెట్టేది, చల్లారకుండా ఉంటుందని. ఆ ఇంజన్ని పాత కారులోంచి దించి పద్నాలుగు నెలలైంది. అయినా అప్పుడే ఊరెళ్లొచ్చిన బండిలా వెచ్చగా ఉండేది. ఇంగ్లండులో కోల్న్ అనే ఆ చిన్న ఊళ్లో, ఆ వీధివాళ్లకి అదేం విశేషం కాదు. ఉత్తరాలు పంచే ఆవిడ చలికాలంలో లోపలికొచ్చి చేతులు కాచుకుని పోయేది.

జాయిస్ భర్త డెస్మండ్ ఒక్కడే దాన్ని వట్టి చేత్తో ముట్టుకునేవాడు కాదు.

అతను రిటైరైన మెకానిక్. విడిభాగాలు పెట్టెల్లో తెప్పించుకుని, ఇంట్లోనే రెండు సీట్ల కారు తయారుచేసుకుంటున్నాడు. దానికి సరిపోయే ఇంజను, గేర్‌బాక్సు పక్కింటి స్టాన్లీ కారులో ఉండేవి. స్టాన్లీ పోయాక మూడు నెలలు కదలక ఆ కారు స్టార్టవలేదు. అతని భార్య ఈనిడ్ ఇక తనే నడుపుకుందామని డెస్మండ్‌ని చూడమంది. పోయింది బ్యాటరీ ఒక్కటే. ఇంజను నిక్షేపంలా ఉంది.

"దీని పని అయిపోయిందండీ. తుక్కుకి వేయడమే," అన్నాడు డెస్మండ్.

"పోనీ నీకు పనికొస్తే తీసుకో," అందావిడ. మర్నాడు యాపిల్ పై అనే తీపివంటకం కూడా చేసి పంపింది.

ప్రతి మంగళవారం స్టాన్లీ ఆమెని ఇంగిల్‌టన్‌లో వృద్ధాశ్రమంలో ఉన్న ఆమె అక్క విన్నీ దగ్గరికి తీసుకెళ్లేవాడు. కారు పోయాక ఈనిడ్ బస్సులు మారుతూ రెండుసార్లు వెళ్లింది. మోకాళ్లు సహకరించక మానేసింది.

ఇంజన్ని కొత్త కారులోకి దించాల్సిన రోజు సాయానికి రావలసిన స్నేహితుడికి నడుం పట్టేసింది. జాయిస్ ఇంట్లో లేదు. ఇంజనూ గేర్‌బాక్సూ ఒకటిగా బిగించి, క్రేనుకి వేలాడదీసి ఉన్నాయి.

"నేను రానా? స్టాన్లీకి ఎన్నిసార్లు పట్టుకోలేదు," అంది ఈనిడ్ గోడ అవతలి నుంచి.

వద్దనడానికి అతనికి నోరు రాలేదు.

అతను కొత్త కారు చట్రం కింద పడుకుని గేర్‌బాక్సు తోకని దారిలో పెడుతున్నాడు. ఆవిడ క్రేను మీట కొంచెం కొంచెం వదులుతోంది. అక్కణ్నుంచి అతనికి ఆవిడ బూట్లు మాత్రమే కనిపిస్తున్నాయి. ఇంజను అందేంత కిందికి వచ్చేసరికి ఈనిడ్ దానిమీద చెయ్యి వేసింది.

"స్టాన్లీ ఇంటికి రాగానే ఇలాగే ఉండేది. నువ్వు పని అయిపోయిందన్నావే?"

డెస్మండ్ గేర్‌బాక్సు మీంచి చెయ్యి తీశాడు.

"అవలేదండీ. బ్యాటరీయే పోయింది. ఇంజను నాకు కావాలనిపించి అబద్ధం చెప్పాను."

క్రేను ఆగిపోయింది. ఇంజను అతని గుండెల మీద అలాగే వేలాడుతోంది. బూట్లు కదల్లేదు.

"వేళ్లు జాగ్రత్త," అందావిడ చివరికి. మళ్లీ దించడం మొదలుపెట్టింది.

ఆఖరి బోల్టు బిగిసేదాకా ఉండి, అడిగిన పానా అడిగినట్టు అందించింది. వెళ్లబోతూ అడిగింది.

"మంగళవారాలు నేనెక్కడికి వెళ్లేదాన్నో నీకు తెలుసుగా?"

"తెలుసండీ."

"తెలిసే చేశావా అని."

జాయిస్ రాగానే డెస్మండ్ అంతా చెప్పాడు. మర్నాటి నుంచి కెటిల్ గ్యారేజీలోకి రాలేదు.

ఏప్రిల్లో కొత్త కారు తనిఖీలో పాసైంది. మొదటి మంగళవారం డెస్మండ్ పక్కింటి తలుపు తట్టి తాళంచెవి చాపాడు.

"నాకిప్పుడు కళ్లు మసకలు. నువ్వే తోలు," అంటూ ఈనిడ్ తలకి స్కార్ఫు కట్టుకుంది. పక్క సీట్లో ఎక్కి కూర్చుంది.

ఆశ్రమంలో నర్సు విన్నీని చక్రాల కుర్చీలో బయటికి తీసుకొచ్చింది. క్రిస్మస్ నుంచి ఆమె ఎవరితోనూ మాట్లాడటం లేదట. చెల్లెలికేసి కొత్త మనిషిని చూసినట్టు చూసింది. తర్వాత ముడతల చేతులు రెండూ కారు బానెట్ మీద పెట్టింది. చాలాసేపు తీయలేదు.

"స్టాన్లీ వచ్చాడా? మరి ఈనిడ్ ఏదీ?"

"ఇక్కడే ఉన్నానక్కా."

విన్నీ ఈసారి ఆమె ముఖం ఆనవాలు పట్టింది.

"ఇన్నాళ్లూ ఏమైపోయావే?"

ఈనిడ్ ఒక్కసారి డెస్మండ్ వైపు చూసింది.

"బండి రిపేర్లో ఉందక్కా," అంది.

డెస్మండ్ టోపీ తీసి చేత్తో పట్టుకుని, వాళ్ల కంటబడకుండా బండికి అవతలివైపు వెళ్లి నిలబడ్డాడు.