‘తుప్పు’ బ్యాండు గిటారు

నేను ఒక ఎలక్ట్రిక్ గిటారును. అయితే నన్ను చూసినవాళ్లు ముందు అడిగేది, ఇది ఏ బల్ల చెక్క అని. బల్ల కాదు, పాత రైలుపెట్టెలోని బెర్తు చెక్క. సికింద్రాబాదులో రైలుపెట్టెలు బాగుచేసే ఫిట్టరు జెఫన్యా 1979లో దాన్ని కోసి, చిత్రిక పట్టి, తీగలు బిగించి నన్ను తయారుచేశాడు. దుకాణంలో దొరికే గిటార్లు మరీ మర్యాదగా మోగుతాయని అతని ఫిర్యాదు. నా మీద ఆ ఫిర్యాదు ఎవరూ చేయలేదు.

తీగలు కలిపి నొక్కి మోగించే కార్డులు అతనికి వచ్చినవి మూడే. డ్రమ్ములు వాయించే బషీరుకు తెలిసింది ఒకటే వేగం. ఇద్దరూ కలిసి ‘తుప్పు’ అని పంక్ బ్యాండు పెట్టారు. మిగతా బ్యాండ్లవాళ్లు సూట్లు తొడుక్కుని ఇంగ్లీషులో వెన్నెల గురించి పాడుతుంటే, జెఫన్యా నూనె మరకల చొక్కాతో నిలబడి రాని నల్లానీళ్ల గురించి తెలుగులో అరిచాడు. కాలనీ క్లబ్బు వార్షికోత్సవంలో రెండో పాటకే కార్యదర్శి గజపతిరావుగారు స్వయంగా వచ్చి ప్లగ్గు పీకారు. కానీ విన్న నలభైమందిలో కొందరు మర్నాటి నుంచే పాత చెక్కల కోసం వెతకసాగారు. ఏడాదిలో ఊళ్లో ఆరు బ్యాండ్లు పుట్టాయి. ఆరింటికీ మూడే కార్డులు.

తుప్పు రెండేళ్లే బతికింది. బషీరుకు గుంతకల్లు బదిలీ అయింది. జెఫన్యా రిటైరయ్యేదాకా బోల్టులు బిగించాడు. పక్షవాతంతో ఎడమచెయ్యి పడిపోయాక కూడా కుడిచేత్తో నా తీగలు మీటేవాడు. అతను చెప్పినచోటల్లా భార్య సలోమి నా మెడ మీద వేళ్లు నొక్కిపట్టేది. మొన్న జూన్‌లో పోయాడు.

సంతాపసభ ఆ క్లబ్బులోనే పెట్టారు. నాకు దండ వేశారు. ఇప్పుడు అధ్యక్షులైన గజపతిరావుగారు, ఆ ప్రతిభను మొదట గుర్తించింది తామేనని గద్గదస్వరంతో చెప్పారు. అప్పటి కచేరీ విన్నవాళ్లు చేతులెత్తండి అంటే రెండువందల చేతులు లేచాయి. నన్ను అద్దాల బీరువాలో పెట్టి తాళం వేస్తామనీ, తుప్పు పట్టకుండా తీగలు విప్పేస్తామనీ ప్రకటించారు.

నాలుగు మాటలు చెప్పమని సలోమికి మైకు ఇచ్చారు. ఆమె నా దండ తీసి బల్ల మీద పెట్టి, నన్ను భుజానికి తగిలించుకుంది.

“ఇది నాకు కావాలె,” అని మెట్లు దిగి ఆటో ఎక్కింది.

రిటైరై ఊరికి తిరిగొచ్చిన బషీరు ఇప్పుడు ఆదివారాలు వచ్చి ఆమెకు నేర్పుతున్నాడు. డ్రమ్ములాయన చెప్పే గిటారు పాఠం ఎలా ఉంటుందో మీరే ఊహించుకోండి. సలోమి వేళ్లు బొబ్బలెక్కాయి. ఒక్కోసారి పాట మధ్యలో ఆగి, నా మీద చెయ్యి ఉంచి ఊరికే కూర్చుంటుంది. తర్వాత మళ్లీ మొదటినుంచీ ఎత్తుకుంటుంది.

నిన్న పక్కింటి రిటైర్డు హెడ్మాస్టరు గుమ్మం దగ్గరికి వచ్చి, కొంచెం మెల్లగా వాయించమ్మా అని ఎంతో మర్యాదగా అడిగారు. సలోమి లేచి నిలబడింది.

“ఇంక మంచిగ రాలేదు సార్,” అంది. “వచ్చినంక ఇంత మెల్లగ వాయించ.”