కదలని కాళ్ళు

చేపల వేట నిషేధం మొదలై నెల దాటింది. పడవ భావనపాడు తీరంలో ఇసుక మీద ఎండుతోంది, సింహాద్రి ఇంట్లో మంచానికి అతుక్కుపోయాడు. షుగర్ పెరిగిందనీ, రోజూ ఒంటికి చెమట పట్టాలనీ టెక్కలిలో డాక్టరు గట్టిగానే చెప్పాడు. నడవడానికి ఓపిక లేదన్నాడు సింహాద్రి. కూతురు కళ్యాణి ఊరుకోలేదు. టీవీకి కెమెరా తగిలించి, ఒళ్ళు కదిలిస్తూ ఆడే ఆటొకటి పెట్టింది.

తెర మీద పడవ. అల వచ్చినప్పుడల్లా ఎగరాలి.

అల వచ్చింది. సింహాద్రి ఎగరలేదు. పాదాలు నేలకు అదిమిపెట్టి, మోకాళ్ళు వదులు చేసి, నడుముతో ఊపు కాచుకున్నాడు. ఇంకో అల, ఇంకోటి. చెమట కారిపోతోంది, పిక్కలు పీకేస్తున్నాయి. తెర మీద మాత్రం స్కోరు సున్నా. 'మీరు కదలడం లేదు' అంది టీవీ.

"ఎగరమంటే ఎగరవేటి నాన్నా? కాళ్ళెత్తు!"

"పడవ మీద కాళ్ళెత్తితే సంద్రంలో పడిపోమేటే?" రొప్పుతూ మంచం మీద కూలబడ్డాడు సింహాద్రి. "నీ టీవీకి సెప్పు. అలా కదలకండా నిలబడ్డానికే నాకు నలభై ఏళ్ళు పట్టింది."